బావకు బావ ఏమవుతాడు?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

ఈ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసిమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే సరేనన్నాను. తీరా కూర్చుంటే, కాంతి ధ్రువణం మీద నేను రాయగలిగింది మా లెక్చరర్లకు ఎప్పుడో తెలుసు, మిగతావారు చదవకుండానే పేజీ తిప్పేస్తారు. అందుచేత ఈ ఏడాది నన్ను నిజంగా నిద్రపోనివ్వని లెక్క ఒకటుంటే దాన్నే రాస్తున్నాను. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మా ఇంట్లోనే జరిగింది. ఇది సైన్సు కాదని ఎవరికైనా అనిపిస్తే చివరిదాకా చదివాక పోట్లాడవచ్చు.

పోయిన వైశాఖంలో మా అక్క పెళ్లయింది. మాది కృష్ణ పడమటి కాలువల కింద ఊరు. వరి కోశాక మినుము, పెసర. బావగారిదీ వ్యవసాయ కుటుంబమే, మా ఊరికి పదిహేను కిలోమీటర్లు. విడిదింట్లో మగపెళ్లివారికి కాఫీలు అందించే పని నాకు పడింది. ట్రే పట్టుకుని తిరుగుతుంటే మా ఊరి పెద్దాయన ఒకరు నన్ను ఆపి, పట్టెమంచం మీద కూర్చున్న ఒకాయన్ని చూపించి, "ఈయనెవరో తెలుసా? మీ తాత చెల్లెలి కొడుకురా. నీకు మామయ్య అవుతాడు" అన్నాడు. నేను వినయంగా గ్లాసు అందించి "కాఫీ తీసుకోండి మావయ్యా" అన్నాను.

ఆయన గ్లాసు అందుకోలేదు. నలుగురూ చూస్తుండగా, "మావయ్యేంటి? బాబాయి అను. నేను మీ బావకి మేనత్త మొగుణ్ణి. మీ నాన్నకి తమ్ముణ్ణవుతాను" అన్నాడు. గొంతులో ఒక కరుకుదనం. పెద్దాయన ఏదో అనబోతే ఆయన వంక ఒక చూపు చూశాడు. పెద్దాయన నోరు మూతపడింది. నాకు చెవులు వేడెక్కాయి. ఇద్దరు పెద్దవాళ్లు చెప్పిన రెండు మాటల్లో ఒకటి తప్పయితే తప్పు నాది ఎలా అవుతుంది? పైగా ఆయన పక్కనే కాలేజీలో చదివే వాళ్లమ్మాయి నిలబడి ఉంది. తండ్రి మామయ్య అయితే ఆ అమ్మాయి నాకు మరదలు, బాబాయి అయితే చెల్లెలు. ఒక్క పిలుపులో అంత తేడా ఉంది. నేను ఏదో ఆశపడి మావయ్యా అన్నానని ఆయన అనుకున్నాడేమోనని ఆ రాత్రంతా నలిగిపోయాను.

అసలు సంగతి అది కాదని తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అది చెప్పాలంటే ముందు లెక్క చెప్పాలి.

పల్లెల్లో పెరిగినవారికి తెలుసు. ముసలివాళ్లు చిన్నపిల్లల్ని పట్టుకుని "నీకు నేనేమవుతానో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. మనం నీళ్లు నములుతుంటే, "మీ అమ్మమ్మ తోడికోడలి తమ్ముణ్ణిరా, ఆ మాత్రం తెలియదూ?" అంటారు. వాళ్లకు ఎలా తెలుస్తుందో నాకు చిన్నప్పటినుంచీ ఆశ్చర్యమే. అంతా కంఠతా పట్టి ఉంటారనుకునేవాణ్ణి. కాని బంధుత్వపు దారులు లెక్కలేనన్ని. కంఠతా పట్టడం ఎవరి తరమూ కాదు. వాళ్లు చేసేది కూడికల్లాంటి పని. మూడు సూత్రాలు ఉన్నాయి, అంతే.

పొలానికి మధ్యలో ఒక గట్టు ఉందనుకోండి. మీరు గట్టుకు ఇవతల నిలబడ్డారు. మీ బంధువర్గంలో ప్రతి మనిషీ ఇవతలో అవతలో ఏదో ఒక పక్కనే నిలబడాలి. గట్టు మీద కూర్చోవడానికి వీల్లేదు. మొదటి సూత్రం: తోబుట్టువులు ఎప్పుడూ ఒకే పక్క. రెండో సూత్రం: మొగుడూ పెళ్లాం ఎప్పుడూ చెరో పక్క. మూడో సూత్రం: పిల్లలు తండ్రి పక్క. ఈ మూడింటికీ తరం లెక్క కలపాలి: మనతరమా, పైతరమా, కిందితరమా అని.

ఇప్పుడు పిలుపులు చూడండి. మన తరంలో ఇవతలివారు అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. అవతలివారు బావ, బావమరిది, వదిన, మరదలు. పై తరంలో ఇవతలి మగవారు నాన్న, పెదనాన్న, బాబాయి. ఇవతలి ఆడవారు అత్తలు, ఎందుకంటే మేనత్త నాన్న తోబుట్టువు కదా. అవతలి మగవారు మామలు. అవతలి ఆడవారు అమ్మ, పెద్దమ్మ, పిన్ని.

ఇక్కడే మా అమ్మతో నాకు తగాదా వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని ఈ సిద్ధాంతం వివరిస్తుంటే, "నిన్ను కని పెంచిన నేను గట్టవతలా, నీకు నాలుగేళ్లుగా ఉత్తరం ముక్కైనా రాయని మీ అత్త గట్టివతలా?" అంది. అమ్మా, నువ్వు ఇవతల ఉంటే నీ అన్నయ్యా ఇవతలే ఉండాలి, అప్పుడు మామయ్య కూతురు నాకు చెల్లెలైపోతుంది, అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే అవతలే ఉంటాలే" అంది. మా మామయ్య కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మకు ఆ సంబంధం మీద ఏ ఆలోచనా లేదు. అయినా వరస చెడగొట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్న. బావ అవతల. ఆయనకు అవతల నాకు ఇవతల. కనుక బావకు బావ నాకు అన్నో తమ్ముడో, లేకపోతే నేనే. రుణం రుణం గుణిస్తే ధనం అన్నట్టు. ఇది నేను కల్పించింది కాదు, ఏ ఊళ్లో అడిగినా ఇదే చెబుతారు. గట్టు సంగతి వాళ్లు ఎత్తరు, అంతే.

కొంచెం కష్టమైనది: కొత్తగా పెళ్లయిన అబ్బాయికి అత్తగారి అన్నగారి కోడలు ఏమవుతుంది? భార్య అవతల, మామగారు అవతల, అత్తగారు ఇవతల, ఆమె అన్న ఇవతల, పై తరం, కనుక పెదనాన్న వరస. భార్యకు ఆయన మేనమామ, ఈయనకు పెదనాన్న. ఆయన కొడుకు ఇవతల, అన్న. అన్న భార్య వదిన. కాఫీ చల్లారేలోపు చెప్పేయవచ్చు.

ఈ సూత్రాలు ఎంత దూరం పనిచేస్తాయో నేను పరీక్షించి చూశాను. అక్కాచెల్లెళ్లను చేసుకున్నవారు తోడల్లుళ్లు. భార్య అవతల, భార్య చెల్లెలు అవతల, ఆమె మొగుడు ఇవతల. అంటే తమ్ముడు. నిజంగానే తోడల్లుళ్లు అన్నయ్యా తమ్ముడూ అనే పిలుచుకుంటారు. తోడికోడళ్లు అక్కాచెల్లెళ్లు, అదీ సరిపోయింది. వియ్యంకుల లెక్క నన్ను మరీ ముచ్చటపెట్టింది. మా నాన్న ఇవతల అనుకుంటే కూతురు ఇవతల, అల్లుడు అవతల, అల్లుడి తండ్రి అవతల. ఇద్దరిదీ ఒకే తరం. కనుక "బావగారూ". అల్లుడి తల్లి ఆ బావగారి భార్య గనుక ఇవతల: "చెల్లెమ్మా". వియ్యపురాళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురు పక్క: "వదినగారూ". మా ఇంట్లో పెళ్లినాటినుంచీ వినబడుతున్న పిలుపులు అక్షరాలా ఇవే. మా నాన్న చదివింది ఐదో తరగతి. వియ్యపురాలిని చెల్లెమ్మా అనాలని ఆయనకు ఎవరు చెప్పారు? అడిగితే, "చెప్పేదేముంది, బావ పెళ్లాం చెల్లెలు కాక ఇంకేమవుద్ది?" అన్నాడు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది గాని గట్టు మారదు. పుట్టిన పక్కే ఉంటుంది. అందువల్ల కిందితరం పిలుపులు ఆడవారికీ మగవారికీ తిరగబడతాయి. నాకు మా అన్న పిల్లలు కొడుకులూ కూతుళ్లూ, మా అక్క పిల్లలు మేనల్లుళ్లూ మేనకోడళ్లూ. మా అక్కకు సరిగ్గా దీనికి ఎదురు: చెల్లెలి పిల్లలు తన పిల్లలతో సమానం, నా పిల్లలు మేనల్లుళ్లు. అల్లుడు, కోడలు అనే మాటలు కూతురి మొగుడికీ కొడుకు పెళ్లానికీ కూడా అవే ఎందుకున్నాయో ఇక్కడ తేటపడుతుంది. మామ అన్న ఒక్క మాట అమ్మ అన్నకూ, అత్త మొగుడికీ, పిల్లనిచ్చినవాడికీ చెల్లడమూ అందుకే. పెళ్లి జరగకముందే భాష పెళ్లి జరిగిపోయినట్టు మాట్లాడుతుంది.

తాతల దగ్గరికి వెళ్లేసరికి ఈ గట్టు చెరిగిపోతుంది. అమ్మ తండ్రీ తాతే, నాన్న తండ్రీ తాతే. మనవల సంగతీ అంతే. పెళ్లిళ్ల లెక్క నడిచే తరాలు మధ్యలో ఉన్న మూడే గనుక అని నా ఊహ.

పెద్దా చిన్నా సంగతి వేరే. బాబాయో పెదనాన్నో తేలడానికి చూసేది నాన్న వయసు; మన వయసుతో పనిలేదు. మా వీధిలో నాకు ఆరేళ్ల బాబాయి ఒకడున్నాడు. వాడు బడికి వెళ్లనని మొరాయిస్తే ఎత్తుకుని దించి వచ్చేది నేనే. "బాబాయ్, చీమిడి తుడుచుకో" అంటే హాస్టలు మిత్రులు పొట్టపట్టుకుని నవ్వారు.

హాస్టలంటే గుర్తొచ్చింది. వరస ఒకటే అయినా మాట ఊరూరికీ వేరు. నా గదిలో ఒకరిది కరీంనగర్ వైపు, ఒకరిది అనంతపురం వైపు. ఒకనాడు కరీంనగర్ మిత్రుడు దిగులుగా "అవ్వకు పాణం బాగలేదట, పోవాలె" అన్నాడు. అనంతపురం మిత్రుడు ఓదారుస్తూ, "పెద్ద వయసు కదప్పా, ఏం చేస్తాం" అన్నాడు. వీడి ఊళ్లో అవ్వ అంటే ముసలామె, అమ్మమ్మో నాయనమ్మో. వాడి ఊళ్లో కన్నతల్లి. పెద్ద గొడవే అయ్యేది, మధ్యలో నేను దూరకపోతే. (ఆమెకు తర్వాత తగ్గింది.) మేము బాబాయి అనేవాణ్ణి వాడు కాక అంటాడు, వీడు చిన్నాన్న అంటాడు. మా తోడికోడలు అక్కడ యారాలు. నాన్న అక్కడ బాపు. మాటలు ఇన్ని మారినా గట్టు మాత్రం ముగ్గురి ఊళ్లలోనూ ఒక్కచోటే ఉంది. నేను గట్టు అవతల అన్నవాణ్ణి వాళ్లలో ఎవరూ ఇవతలికి తేలేదు. రాత్రి రెండింటిదాకా పరీక్షించాం. మర్నాడు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ముగ్గురమూ కునికిపాట్లు పడ్డాం.

ఈ అమరిక మన తెలుగువారి ఒక్కరిదే కాదు. తమిళులు, కన్నడిగులు కూడా ఇలాగే లెక్క వేస్తారు. 1871లో అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది ప్రపంచంలోని బంధుత్వ పదాలను పట్టికలుగా కూర్చి ఒక ఉద్గ్రంథం వెలువరించాడు. అందులో తెలుగు పదాలూ ఉన్నాయి. తన రాష్ట్రంలోని ఆదివాసులైన సెనెకా జనం నాన్న సోదరుణ్ణి నాన్న అనీ, అమ్మ సోదరిని అమ్మ అనీ పిలవడం చూసి ఆశ్చర్యపోయిన మోర్గన్, సముద్రాల కివతల తమిళ తెలుగు దేశాల్లోనూ అదే పద్ధతి కనబడేసరికి ఇంకా ఆశ్చర్యపోయాడు. తర్వాత 1953లో లూయీ ద్యుమో అనే ఫ్రెంచి పండితుడు ఈ ద్రావిడ పదజాలానికి మూలం వియ్యమేననీ, మన దగ్గర వియ్యం అనేది ఒక పెళ్లితో పుట్టి ఆగిపోయేది కాక తరతరాలకూ సంక్రమించేదనీ వాదించాడు. 1981లో థామస్ ట్రౌట్‌మన్ దీని మీద ఒక పుస్తకమే రాశాడు. వీరంతా మా నాయనమ్మతో ఒక పూట కూర్చుని ఉంటే ఏమయ్యేదో చూడాలని ఉంది.

జీవశాస్త్రం చదివే మిత్రులకు ఒక ప్రశ్న. మేనమామ కూతురితోనూ పెదనాన్న కూతురితోనూ మనకు ఉమ్మడిగా ఉండే జన్యువుల భాగం సగటున ఒకటే, ఎనిమిదో వంతు. జన్యువులకు గట్టు లేదు. కాని ఒకామె మరదలు, ఒకామె చెల్లెలు. ఒకామెతో పెళ్లి అంటే ఊరంతా ముచ్చటపడుతుంది. ఇంకొకామె విషయంలో ఆ ఊహ వస్తేనే ఛీ అంటారు. కాబట్టి వరస అనేది రక్తాన్ని కొలిచే పరికరం కాదు. మేనరికాల్లో పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ప్రమాదం ఎక్కువని తెలిసిందే. మరదలు అనే మాట తియ్యగా ఉన్నంత మాత్రాన ఆ ప్రమాదం తగ్గదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్యా మేనమామ మేనకోడళ్ల మధ్యా పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల్లోనే చేర్చి, ఆచారం ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. మనవారి మేనరికాలు ఆ మినహాయింపు చాటున నడుస్తున్నాయి.

మేనమామ అక్క కూతుర్ని చేసుకునే సందర్భంలో నా సూత్రాలు ఒక తమాషా చూపిస్తాయి. మేనమామ ఇవతల అనుకుందాం. అక్క ఇవతల. అక్క మొగుడు అవతల. కూతురు తండ్రి పక్క, కనుక అవతల. పెళ్లికి గట్టు అడ్డం రాదు! తప్పేది తరం లెక్క. మా వెనకవీధిలో వెనకటి తరంలో అలా చేసుకున్న దంపతులున్నారు. వాళ్ల పిల్లలకు నాయనమ్మే అమ్మ తరఫున ముత్తవ్వ. అమ్మమ్మే మేనత్త. పెళ్లికూతురి తమ్ముడు నిన్నటిదాకా మామయ్యా అన్నవాణ్ణి బావా అనాలి. ఆయన నోరు తిరగక చివరిదాకా మామయ్యా అనే పిలిచాడట. ఎవరూ తప్పుపట్టలేదట.

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మా ఊళ్లో కులాల మధ్య కూడా వరసలున్నాయి. మా పొలంలో నాట్లకు వచ్చే ఆమె మా నాన్నను తమ్ముడూ అంటుంది, నేను ఆమెను అత్తా అంటాను. ఆ పిలుపులో కల్మషమేమీ లేదు, కష్టం వస్తే ముందు పరిగెత్తుకొచ్చేది ఆమే. కాని లెక్క ప్రకారం అత్త కూతురు మరదలు కావాలి కదా? ఆ మాట ఎవరూ అనరు. పిలుపు అక్కడ ఆగిపోతుంది. వరస కలపడం వేరు, వియ్యం కలపడం వేరు.

ఇక నా లెక్కకు వస్తాను. పెళ్లయిన మూడో రాత్రి డాబా మీద పడుకుని, మంచం మీద కూర్చున్న ఆ ఇద్దరు పెద్దల మాటలనూ గట్టు మీద పెట్టి చూశాను.

ఆయన చెప్పిన దారి: మా అక్క ఇవతల. బావ అవతల. బావ తండ్రి అవతల. ఆయన చెల్లెలు అవతల. ఆమె మొగుడు ఇవతల, పైతరం. నాన్నకంటె చిన్నవాడు. బాబాయి. ఆయన చెప్పింది నిజం.

పెద్దాయన చెప్పిన దారి: మా తాతకు పెదతండ్రి కూతురు, అంటే చెల్లెలు, ఇవతల. ఆమెను ఆ ఊరికిచ్చారు. ఆమె మొగుడు అవతల. కొడుకు తండ్రి పక్క, అవతల, పైతరం. మామ. ఈయన చెప్పిందీ నిజం.

ఒకే మనిషి రెండు పక్కలా ఉండకూడదు. ఎక్కడో పొరపాటు చేశానని మళ్లీ వేశాను. మళ్లీ అంతే. అప్పుడు పాత దారిని ఆయన దగ్గర ఆపకుండా ముందుకు నడిపించాను. ఆయన మామ, అవతల. కనుక ఆయన భార్య ఇవతల, అత్త. ఆమె అన్న ఇవతల, నాన్న వరస. ఆ అన్న ఎవరు? మా అక్క మామగారు. ఆయన కొడుకు తండ్రి పక్క. ఇవతల. మా తరం.

అన్న.

లేచి కూర్చున్నాను. పాత దారిన చూస్తే మా బావ మా అక్కకు అన్న వరస అవుతాడు. మెడలో తాళి పడి మూడు రోజులైంది. కింద వాకిట్లో పందిరి ఇంకా విప్పలేదు. ఈ మాట ఎవరైనా కిట్టనివాళ్ల చెవిన పడితే ఊరూరా ఎలా పాకుతుందో నాకు తెలుసు. మా పక్క ఊళ్లో ఇలాంటి వరసమాట ఒకటి లేచి నిశ్చయమైన సంబంధం తప్పిపోయింది. పట్టెమంచం మీదాయన గొంతులో కరుకుదనం ఎందుకో అప్పుడు తెలిసింది. నేను ఆయన్ని నలుగురిలో మావయ్యా అన్నానంటే, వరసలు తెలిసిన ముసలమ్మ ఎవరైనా అక్కడుంటే చాలు, నాలుగు అడుగులు వేసి నేను చేరినచోటికే చేరుతుంది. ఆయన నన్ను కసరలేదు. మా అక్కకు అడ్డంగా నిలబడ్డాడు.

మర్నాడు నాయనమ్మ పెరట్లో మినపపప్పు ఎండబోస్తుంటే పక్కన చేరి గుసగుసగా అంతా చెప్పాను. ఆమె పప్పు నెరపడం ఆపలేదు.

"ఇన్నాళ్లకి కనిపెట్టావా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"చూపులనాడే తెలుసు. ఆ పిల్లాడికీ మనకీ నెత్తుటి చుట్టరికం ఉందా చెప్పు."

ఆలోచించాను. మా రక్తం తాత చెల్లెలి దగ్గరినుంచి ఆమె కొడుకు దాకా వచ్చింది. ఆయన భార్యది వేరే ఇల్లు. ఆమె అన్న కొడుకే మా బావ. మాకూ ఆయనకూ ఎనిమిదో వంతు కాదు గదా, ఏ వంతూ లేదు. గోత్రం వేరు, ఇంటిపేరు వేరు.

"లేదు."

"మరి? రెండు పెళ్లిళ్లు దాటాక వచ్చే వరస మనం కలుపుకున్నది. కలుపుకున్నదాన్ని విడదీసుకోవచ్చు. కన్న వరస విడదియ్యలేం. మీ తాత బతికున్న రోజుల్లో ఇట్టాంటివి ఎన్ని చూశాను! అట్టా లెక్కలు తీస్తూ పోతే ఈ కాలువ కింద ఊళ్లల్లో ఒక్కడికి పెళ్లవదు." కాసేపాగి, "మీ అమ్మతో అన్నావా?" అంది.

లేదన్నాను.

"అనమాక."

అప్పుడు నాకు నా సూత్రాల్లోని లోపం తెలిసింది. ఒక మనిషి దగ్గరికి ఒకే దారి ఉన్నంతకాలం గట్టు లెక్క తప్పదు. కాని చుట్టుపక్కల నలభై యాభై ఊళ్లలోనే తరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకునేచోట ప్రతి మనిషి దగ్గరికీ రెండు మూడు దారులుంటాయి. ప్రతి పెళ్లీ గట్టుకు అడ్డంగానే జరిగి ఉంటే అన్ని దారులూ ఒకేచోటికి చేర్చేవి. అలా ఎక్కడా జరగదు. మన బంధువర్గం నిజంగా రెండు పక్షాలుగా చీలి లేదు. ఎవరికి వారు తమ కాళ్లదగ్గర గట్టు గీసుకుని లెక్క మొదలుపెడతారు. దారులు పోట్లాడుకున్నప్పుడు ఏది నిలుస్తుందో సూత్రం చెప్పదు. అది నాయనమ్మలాంటివాళ్లు చెబుతారు. దగ్గరిది దూరపుదాన్ని కొడుతుంది. రక్తం ఉన్నది లేనిదాన్ని కొడుతుంది. పెళ్లి జరిగిపోయాక ఆ పెళ్లి వరస మిగతా అన్నిటినీ కొడుతుంది. మా మంచం మీదాయన విషయంలో రక్తం ఉన్నది పాత దారే, మామే నెగ్గాలి. కాని అక్క పెళ్లి అన్నిటికంటె దగ్గరిది. అందుకని బాబాయి. ఈ తీర్పులో ఏది ముందో ఏది వెనకో నాయనమ్మను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ వేరువేరుగా చెప్పింది.

ఈమధ్య మా క్లాసులో అందరూ ఎవరింటికి వెళ్లినా అంకుల్, ఆంటీ అంటున్నారు. సుళువే. అంకుల్ అనే మాట గట్టుకు రెండు పక్కలా చెల్లుతుంది గనుక ఏ చిక్కూ రాదు. ఆనాడు విడిదింట్లో నేను కూడా కాఫీ తీసుకోండి అంకుల్ అని ఉంటే ఈ వ్యాసం లేదు. అయితే ఆయన అప్పుడు నాకు ఏమీ అయ్యేవాడు కాదు. మా అక్క కోసం నన్ను కసరవలసిన అవసరం ఆయనకు ఉండేదీ కాదు.

సంక్రాంతికి అక్కాబావలు వచ్చారు. కనుమనాడు ఆయన కూడా ఏదో పనిమీద మా ఊరొచ్చి మా ఇంటికి వచ్చాడు. నేను ఎదురెళ్లి చెంబుతో నీళ్లిచ్చి, "రండి బాబాయ్" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యివేసి నవ్వాడు. నాన్న "రా తమ్ముడూ" అన్నాడు. బావ లేచి నిలబడి "కూర్చోండి మావయ్యా" అన్నాడు. ఆయనకు మేనత్త మొగుడు కదా, మామే. అన్నీ సరిపోయాయి.

అంతలో అరుగుమీంచి నాయనమ్మ, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవరూ, అల్లుడా? ఇన్నాళ్లకి దారి తెలిసిందా అల్లుడూ?" అంది.

ఆడబిడ్డ కొడుకు, అల్లుడే. నాయనమ్మకు అల్లుడంటే నాన్నకు బావ. నాన్నకు బావంటే నాకు మామ. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన వెళ్లి ఆమె పక్కన అరుగుమీద కూర్చుని, "మోకాళ్ల నొప్పులు ఎట్టా ఉన్నాయి అత్తా?" అని అడిగాడు. బావ విన్నాడు, అక్క విన్నది, అమ్మ అరిసెల పళ్లెం తెచ్చింది. ఎవరూ లెక్క వెయ్యలేదు.